పద్యరచనాభ్యాసం: కందం నుంచి సానెట్ దాకా

పాదాలెన్నో, ఒక్కో పాదం కొలత ఎంతో, ఏ అక్షరానికి ఏ అక్షరం జత కావాలో ముందే నిర్ణయమై ఉన్న రూపంలో కవిత్వం చెప్పడానికి చేసే సాధన పద్యరచనాభ్యాసం. తెలుగులో ఇది కందం, ఆటవెలది, తేటగీతి, సీసం, వృత్తాల మీదుగా సాగుతుంది. యూరప్ భాషల్లో ఇలాంటి సాధనకు పేరుపడిన రూపం సానెట్. దానికి పద్నాలుగు పాదాలు, నిర్ణీతమైన అంత్యప్రాసలు, నడుమ ఎక్కడో ఒకచోట భావం తిరిగే మలుపు ఉంటాయి. సానెట్ తెలుగులో ప్రధాన ప్రక్రియగా నిలదొక్కుకోలేదు. అయినా పద్యం నేర్చినవారికి అది అంత పరాయిది కాదు. సీసపద్యంలోని ఎత్తుగీతి, తేటగీతి నడక, కందంలోని బిగువు తెలిసిన చెవి సానెట్ తత్త్వాన్ని సులభంగానే పట్టుకుంటుంది. సికింద్రాబాద్‌లోని తిరుమలగిరి పరిసరాల్లో తెలుగు పద్యం, ఇంగ్లీషు కవిత్వం ఇరుగుపొరుగుగా బతికాయి. అందుకే ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే.

దండులో రెండు ఛందస్సులు

1798లో నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన సైనిక ఒప్పందంతో హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన కంపెనీ సేనలు స్థిరపడ్డాయి. 1806లో ఆ దండు ప్రాంతానికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. తరువాతి దశాబ్దాల్లో తిరుమలగిరి, బొల్లారం బ్రిటిష్ పటాలాల బారకులతో, చర్చీలతో, సైనిక ఆసుపత్రితో పెరిగాయి. పటాలంతో పాటు ఇంగ్లీషు చదువు, ఆ చదువుతో పాటు ఇంగ్లీషు పద్యం వచ్చాయి. మలేరియా దోమ ద్వారా వ్యాపిస్తుందనడానికి కీలకమైన ఆధారాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న పక్కనే ఉన్న బేగంపేటలో కనుగొన్నాడు. ఆ ఆనందాన్ని అతడు కవిత్వంలోనే చెప్పుకున్నాడు. అది సానెట్ కాదు, నాలుగేసి పాదాల చరణాల కవిత. రోజంతా సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న సైనిక వైద్యుడికి ఉద్వేగం కలిగినప్పుడు నోట పద్యం పలికిందంటే, ఛందస్సు నాటి చదువులో ఎంతగా ఇంకిందో తెలుస్తుంది.

తెలుగు వైపు కథ వేరు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు ప్రభుత్వ ఆదరణ కొరవడింది కాబట్టి గ్రంథాలయాలే బడులయ్యాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వెలిశాయి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. ఊరూరా ఎవరో ఒకరు గురులఘువులు దిద్దించకపోతే అంతమంది పద్యకవులు రారు. ఛందస్సు బడిలో దొరకని చోట తండ్రి దగ్గరో, పురాణం చెప్పే పంతులుగారి దగ్గరో, శతకం వల్లె వేయించే తాత దగ్గరో దొరికింది.

గురువు, లఘువు, బస్సు బోర్డులు

తెలుగు పద్యానికి పునాది అక్షరం పలకడానికి పట్టే కాలం. హ్రస్వాక్షరం లఘువు, దానికి ఒక మాత్ర. దీర్ఘం, సున్న ఉన్న అక్షరం, విసర్గ ఉన్నది, పొల్లుతో ముగిసేది, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు, దానికి రెండు మాత్రలు. మూడేసి అక్షరాలకు ఒక గణం. ఎనిమిది గణాలనూ గుర్తుంచుకోవడానికి 'యమాతారాజభానసలగం' అన్న సూత్రం ఉంది. అందులో చివరి రెండూ తప్ప ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకున్నా ఆ పేరుగల గణమే వస్తుంది. 'యమాతా' అంటే లఘువు, గురువు, గురువు, అదే యగణం. 'నసల' అంటే మూడు లఘువులు, అదే నగణం. తరతరాల విద్యార్థులు ఈ ఒక్క సూత్రంతోనే గట్టెక్కారు.

తొలి అభ్యాసానికి కావ్యాలు అక్కర్లేదు, ఊళ్ల పేర్లు చాలు. తిరుమలగిరి మీదుగా పోయే బస్సుల బోర్డులు చూసినా సరిపోతుంది. బొల్లారం మూడు గురువులు, మగణం. కార్ఖానా కూడా మగణమే. అందుకే ఈ రెండు పేర్లతోనూ శార్దూలం ఎత్తుకోవచ్చు. అల్వాల్ రెండు గురువులు, కందంలో ఇమిడే గగం. లాల్‌బజార్ గురువు, లఘువు, గురువు, రగణం. మారేడుపల్లిలో తగణం మీద గలం.

తిరుమలగిరి ఆరూ లఘువులే. ఈ సంగతి వినడానికి చిన్నదే గాని పద్యం రాయబోయేవాణ్ణి వెంటనే ఇరుకున పెడుతుంది. ఉత్పలమాల, శార్దూలం, మత్తేభాల్లో వరసగా మూడు లఘువులకు మించి రావు. చంపకమాల మొదట్లో నాలుగు వస్తాయి, అంతకన్నా రావు. అంటే మనకు బాగా అలవాటైన ఈ నాలుగు వృత్తాల్లోనూ తిరుమలగిరికి చోటు లేదు. 'తిరుమలగిరిన్' అని చివర పొల్లు చేర్చినా ముందు ఐదు లఘువులు మిగిలే ఉంటాయి. పాదం విరిచి కింది పాదంలోకి తోసినా లాభం లేదు, ఎందుకంటే ఆ వృత్తాల పాదాలన్నీ గురువుతోనే ముగుస్తాయి. ఆ ఊరి మీద పద్యం చెప్పాలంటే మాత్రల లెక్కన నడిచే కందానికో, ఉపజాతులకో పోవాలి. కవి ఛందస్సును ఎంచుకుంటాడని అనుకుంటాం గాని, చాలాసార్లు వస్తువులోని పేరే ఛందస్సును ఎంచి పెడుతుంది.

సికింద్రాబాదు అందుకు విరుద్ధం. లఘువు, మూడు గురువులు, లఘువు. ఇది తేటగీతి పాదానికి మొదట నిలవదు, కాని మత్తేభంలో అచ్చంగా అతుకుతుంది. మత్తేభానికి స, భ, ర, న, మ, య, వ గణాలు, ఇరవై అక్షరాలు. 'సి' పన్నెండో అక్షరంగా పడితే 'కింద్రాబా' మగణమై, 'దు' యగణానికి మొదటి లఘువవుతుంది. అయితే మత్తేభానికి యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరవలసిన చోటు, పద్నాలుగో అక్షరం. అక్కడ 'ద్రా' వచ్చి కూర్చుంటుంది కనుక పాదం మొదటి అక్షరం దానికి మైత్రి గలదై ఉండాలి. త, థ, ద, ధలలో ఒకటో, సంయుక్తంలోని రేఫను ఆశ్రయిస్తే రకారమో కావాలి. ఈ వ్యాసం కోసం కట్టిన పాదం ఇది:

తరముల్ మారిన దండుతో నిట సికింద్రాబాదు నిల్చెన్ గదా

మొదట 'త', పద్నాలుగోది 'ద్రా'. పాదంలో అక్షరం మార్చడానికి సందు దొరకదు. అభ్యాసకుడు ఇలాంటి పాదం ఒక్కటి స్వయంగా కట్టగలిగిన నాడు యతి అంటే ఏమిటో పుస్తకం చూడకుండానే తెలుసుకుంటాడు.

కందం

కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అని లోకంలో ఒక మాట ఉంది. తెలుగులో దొరికిన అతి పాత కందపద్యాలు తెలంగాణ బండరాతి మీదే ఉన్నాయి. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్టపై కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు 945 ప్రాంతంలో వేయించిన శాసనంలో సంస్కృత, కన్నడ పద్యాలతో పాటు మూడు తెలుగు కందాలున్నాయి. నన్నయ భారతానికి అవి దాదాపు నూరేళ్లు ముందువి. తొలి తెలుగు ఛందోగ్రంథంగా పేరున్న 'కవిజనాశ్రయం' కూడా చాలావరకు కందాల్లోనే సాగింది.

కందానికి గగ, భ, జ, స, నల అనే నాలుగు మాత్రల గణాలు. ఒకటి, మూడు పాదాల్లో మూడేసి, రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి. రెండేసి పాదాలను కలిపి లెక్కిస్తే బేసి గణంగా జగణం రాకూడదు. ఆరో గణం జగణమో నలమో అయి తీరాలి. రెండో పాదం, నాలుగో పాదం గురువుతో ముగియాలి. మొదటి పాదం లఘువుతో మొదలైతే నాలుగూ లఘువుతోనే మొదలవ్వాలి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అది ప్రాస. పొడుగు పాదాల్లో మొదటి గణం తొలి అక్షరానికీ నాలుగో గణం తొలి అక్షరానికీ యతి కుదరాలి. ఇన్ని షరతులు విన్నవారు భయపడతారు. కాని సుమతి శతకం బడిపిల్లల నోట నిలవడానికి కారణం ఈ బిగువే. పద్యంలో ఒక మాట మరిచిపోతే, ఆ ఖాళీలో వేరే మాట పట్టదు, అసలు మాట గుర్తొచ్చేదాకా చెవి ఊరుకోదు.

తిరుమలగిరి పేరుతో కందం ఎత్తుకుంటే ఏమవుతుందో చూద్దాం:

తిరుమలగిరిలో నుదయము
విరిసిన వేళన్ జదివెడు వేడుక మీరన్
గురులఘువులు గుర్తించుచు
సరిచూచిరి పద్యపాద చందము బాలల్

'తిరుమల' నలం, 'గిరిలో' సగణం. వృత్తాల్లో చోటు దొరకని పేరు ఇక్కడ రెండు గణాల్లో హాయిగా సర్దుకుంది. మొదటి మాటలోని 'రు' ప్రాసను రకారానికి కట్టేసింది కాబట్టి 'విరిసిన', 'గురులఘువులు', 'సరిచూచిరి' వరస కట్టాయి. 'వి'కి 'వే', 'స'కు 'చం' యతులు. ఆరో గణం పైభాగంలో 'జదివెడు' నలం, కింది భాగంలో 'ద్యపాద' జగణం. గురువులూ లఘువులూ ముందే ఉద్దేశించిన విషయాలు కావు. రకారపు ప్రాస కోసం వెతికితే 'గురులఘువులు' దొరికింది, దాని వెంట పద్యం చదువు వైపు నడిచింది. ప్రాస అడ్డంకి అనేవాళ్లు ఈ అనుభవం కలిగేదాకా ఒక్క కందమైనా కట్టి చూడాలని నా అభిప్రాయం. మన మనసులో లేని మాటను ప్రాస తెచ్చి చేతిలో పెడుతుంది, ఆ మాట భావాన్ని కొత్త దారి పట్టిస్తుంది.

సానెట్ పుట్టుక, దాని మలుపు

సానెట్ పదమూడో శతాబ్దంలో సిసిలీ రాజు రెండో ఫ్రెడరిక్ ఆస్థానంలో పుట్టింది. మొదట రాసినవాడిగా జాకొమో ద లెంతీని పేరు చెబుతారు. పద్నాలుగో శతాబ్దంలో పెట్రార్క్ 366 కవితల సంపుటిలో 317 సానెట్లు రాసి దానికి స్థిరరూపం ఇచ్చాడు. మొదటి ఎనిమిది పాదాల్లో రెండే అంత్యప్రాసలు క, ఖ, ఖ, క వరసలో రెండుసార్లు తిరుగుతాయి. చివరి ఆరు పాదాల్లో కొత్త ప్రాసలు వస్తాయి. ఎనిమిదికీ ఆరుకీ నడుమ భావం తిరుగుతుంది. పదహారో శతాబ్దంలో వయట్, సర్రీ దాన్ని ఇంగ్లీషుకు తెచ్చారు. ఇటాలియన్‌లా ఇంగ్లీషులో ప్రాసపదాలు పుష్కలంగా లేవు కాబట్టి నాలుగేసి పాదాలకు ప్రాసలు మార్చి చివర రెండు పాదాల జంట పెట్టారు. 1609లో అచ్చయిన షేక్స్‌పియర్ 154 సానెట్లలో దాదాపు అన్నీ ఈ పద్ధతివే. పెట్రార్క్ మలుపు తొమ్మిదో పాదంలో వస్తే షేక్స్‌పియర్ దాన్ని చాలాసార్లు చివరి జంట దాకా ఆపుతాడు.

సానెట్ రాయడం నేర్పేవారు ప్రాసల పట్టిక ముందు పెడతారు. అది తేలికైన భాగం. కష్టమంతా మలుపులో ఉంది. మొదటి ఎనిమిది పాదాలు ఒక మాట చెప్పి, తరువాతి ఆరు అదే మాటను ఇంకాస్త గట్టిగా చెబితే పద్నాలుగు పాదాలు తయారవుతాయి గాని సానెట్ కాదు. ముందు చెప్పిందాన్ని ప్రశ్నించాలి, లేదా జవాబివ్వాలి, లేదా చూసే చోటు మారాలి.

సీసపద్యం చదివినవారికి ఇది తెలిసిన సంగతే. సీసంలో నాలుగు పెద్ద పాదాలు, ఒక్కొక్కటి రెండుగా విరిగి ఎనిమిది భాగాలవుతాయి. దాని కింద ఆటవెలదో తేటగీతో తప్పనిసరి. ఈ ఎత్తుగీతి లేకుండా సీసం ముగియదు. శ్రీనాథుడి చేతిలో, పోతన చేతిలో పైభాగం చిత్రాలను ఒకటి మీద ఒకటి పేర్చుకుంటూ పోతుంది, గీతి వచ్చి వాటన్నిటినీ ఒక వ్యక్తి దగ్గరకో, ఒక ప్రశ్న దగ్గరకో చేరుస్తుంది. ఎనిమిది, ఆపైన చిన్నది, రెంటి నడుమ నడక మార్పు. పెట్రార్క్ సానెట్‌లో నడక మారదు, ప్రాసలు మాత్రమే మారతాయి. సీసంలో ఛందస్సే మారిపోతుంది కాబట్టి మలుపు చెవికి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. సానెట్ రాయాలనుకునే తెలుగువారు ముందు పది సీసాలు గొంతెత్తి చదవడం మంచిది.

తెలుగులో సానెట్ ఎందుకు ఆగింది

పొరుగు భాషల్లో సానెట్ వేళ్లూనింది. కొన్నేళ్లు మద్రాసులో ఉపాధ్యాయుడిగా, పత్రికా రచయితగా బతికిన మైకేల్ మధుసూదన దత్తు ఫ్రాన్స్‌లో ఉన్నప్పుడు బెంగాలీలో సానెట్లు రాసి, 1866లో 'చతుర్దశపదీ కవితావళి'గా వెలువరించాడు. గుజరాతీలో బలవంతరాయ్ ఠాకోర్, మరాఠీలో కేశవసుత్, కన్నడంలో గోవింద పై, మాస్తి, బేంద్రే ఆ రూపాన్ని సొంతం చేసుకున్నారు. కన్నడంలో, మరాఠీలో దానికి 'సునీత' అన్న పేరే స్థిరపడింది.

తెలుగులో అలా జరగకపోవడానికి కవుల అనాసక్తి కన్నా భాష స్వభావమే పెద్ద కారణం. సానెట్ ప్రాస పాదం చివర మోగుతుంది. తెలుగు పద్యం మోత పాదం మొదట్లో ఉంటుంది, యతి తొలి అక్షరాన్ని, ప్రాస రెండో అక్షరాన్ని పట్టుకుంటాయి. పైగా తెలుగు మాటలు విభక్తులతో, క్రియాప్రత్యయాలతో ముగుస్తాయి. వచ్చెను, ఇచ్చెను, చూచెను అని పాదాలు ముగిస్తే అంత్యప్రాస అప్పనంగా దొరుకుతుంది. అప్పనంగా దొరికింది చెవికి రుచించదు. అంత్యప్రాస పాటలో, రగడలో బాగా వెలిగింది గాని గంభీర కవిత్వానికి అలంకారంగానే మిగిలింది. ఇంగ్లీషు సానెట్ పాదంలోని ఊనికల లెక్కా మనకు లేదు. అక్షరాన్ని నొక్కి పలకడం అర్థాన్ని గాని ఛందస్సును గాని నిర్ణయించే భాష కాదు తెలుగు.

అయినా దారి ఉంది. ఇంగ్లీషు సానెట్ పాదంలో ఐదు అడుగులుంటాయి. తేటగీతి పాదంలోనూ ఐదు గణాలే: ఒక సూర్యగణం (మూడు మాత్రలది), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి), రెండు సూర్యగణాలు. తేటగీతికి ప్రాసనియమం లేదు కనుక అంత్యప్రాసకు చోటు మిగులుతుంది. నాలుగు పాదాలకే ఆపనక్కర్లేదు, మాలికగా ఎన్ని పాదాలకైనా సాగదీయవచ్చు. పద్నాలుగు పాదాల తేటగీతి మాలికకు చివర ప్రాసలు చేర్చితే అది తెలుగు నేల మీద నిలిచే సానెట్ అవుతుంది. అంత్యప్రాసలోనూ ప్రత్యయం ఒక్కటే కలిస్తే చాలదు, దాని ముందరి అక్షరం కూడా కలవాలి. షేక్స్‌పియర్ పద్ధతి జంటకు మచ్చుగా రెండు పాదాలు:

మేలుకొంటిని సానెట్టు మెలిక కొరకు
వేగుచుక్కయు కరిగెడి వేళ వరకు

'మే'కు 'మె', 'వే'కు 'వే' యతులు. చివర 'కొరకు', 'వరకు'. పాదానికి రెండు చివరలా మోత ఉంది. తొలి ప్రయత్నంలో ఈ రెండూ పోట్లాడుకుంటాయి. చెవి ముందు యతి కోసం ఎదురుచూస్తుంది, అది తీరగానే పాదం అయిపోయిందనుకుంటుంది, చివరి ప్రాస వినిపించదు. అందుకని యతి పడిన మాటకూ ప్రాస పడిన మాటకూ మధ్య చిన్న మాటలే ఉంచడం నయం. 'మెలిక కొరకు', 'వేళ వరకు' అలా కుదిరినవే. 'హైదరాబాదు నగరిలో నందమైన' అన్న పాదంలో హకారానికీ 'అంద'లోని అకారానికీ స్వరమైత్రితో యతి చెల్లింది. 'హైద' సూర్యగణం, 'రాబాదు' ఇంద్రగణం. ఈ ఊరి పేరు తేటగీతి ఎత్తుగడకే పుట్టినట్టుంటుంది.

నేర్పిన పుస్తకాలు, సభలు

లక్షణ గ్రంథాల్లో కాకునూరి అప్పకవి 1656లో మొదలుపెట్టిన 'అప్పకవీయం' మూడు శతాబ్దాలు పండితుల చేతి పుస్తకం. యతులను, ప్రాసలను అది విడదీసి చూపినంత వివరంగా మరొకటి చూపలేదు. 1827లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు, సంస్కృత ఛందస్సులపై ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. తరువాత రెండేళ్లకు వేమన పద్యాలు అచ్చువేశాడు. పరభాషవాడు కాబట్టి మనం చెవితో వదిలేసే సంగతులను కూడా అతడు కాగితం మీద లెక్కగట్టి చూపించాడు. కొత్తగా నేర్చుకునేవారికి అలాంటి చూపు ఉపకరిస్తుంది.

పుస్తకం కన్నా ఎక్కువ నేర్పింది అవధానం. తిరుపతి వేంకట కవులు ఇరవయ్యో శతాబ్దారంభంలో దాన్ని ఊరూరి వేడుక చేశారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు అసంబద్ధంగా కనిపించే పాదాన్ని సమస్యగా ఇస్తారు, దానికి అర్థం కుదిరేలా మిగతా మూడు పాదాలు కట్టాలి. ఒకరు పద్యంలో ఇమడని నాలుగు మాటలు దత్తపదిగా ఇస్తారు. నిషిద్ధాక్షరి అడిగేవారు అవధాని పలకబోయే అక్షరాన్ని ఊహించి అడ్డుపడుతూ ఉంటారు, ప్రతి అక్షరం దగ్గరా దారి మార్చుకుంటూ పోవాలి. చూసేవారికి అది విన్యాసం, నేర్చేవారికి పాఠం. ఒక భావానికి ఎన్ని మాటలున్నాయో, ఒక గణానికి ఎన్ని రూపాలున్నాయో అక్కడ కళ్లముందే కనిపిస్తుంది. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం సమస్యాపూరణను రేడియోకు తెచ్చాక ఇంట్లో కూర్చున్న శ్రోతలు కూడా పద్యాలు కట్టి పంపారు. ఇప్పుడు గణాలు, యతి, ప్రాసలను సరిచూసే 'ఛందం' వంటి కంప్యూటర్ ఉపకరణాలున్నాయి. తప్పు ఎక్కడుందో అవి చెబుతాయి, అది పెద్ద మేలు. పాదం ఎందుకు నడవడం లేదో తేల్చుకోవడానికి మాత్రం పైకి చదవాలి.

తెంచినవారు, కొత్తగా కట్టినవారు

గురజాడ అప్పారావు 1910లో ముత్యాల సరం తెచ్చారు. మూడు, నాలుగు మాత్రలు మార్చి మార్చి వచ్చే పద్నాలుగు మాత్రల పాదాలు మూడు, చివర కురచ పాదం. యతిప్రాసల నిర్బంధం పోయింది, లయ మిగిలింది. అంతకుముందు గ్రాంథిక ఛందస్సు అంతు చూసినవాడు కాబట్టే ఏది వదలవచ్చో, ఏది వదిలితే కవిత్వమే పోతుందో ఆయనకు తెలిసింది.

శ్రీశ్రీ దారి కూడా ఇదే. 1928 నాటి 'ప్రభవ' పద్యాల పుస్తకం. 1930లలో మాత్రా ఛందస్సులను విరగదీసి రాసిన గీతాలు 1950లో 'మహాప్రస్థానం'గా వచ్చాయి. ఆ తరువాత కూడా ఆయన కందాన్ని వదల్లేదు, 'సిరిసిరిమువ్వ' నిండా కందాలే. ప్రాసక్రీడలు, లిమరిక్కులు సరదాకు రాసినట్టుంటాయి గాని ఒక మహాకవి జీవితాంతం చేసిన సాధన వాటిలో కనిపిస్తుంది. 1939లో పఠాభి 'ఫిడేలు రాగాల డజన్'తో పద్యం నడుం విరగ్గొడతానని ప్రకటించుకుని వచ్చాడు. కుందుర్తి ఆంజనేయులు హైదరాబాదు కేంద్రంగా వచనకవితను ఉద్యమంగా నడిపి, ఫ్రీవర్స్ ఫ్రంట్ ద్వారా కొత్తవారికి పురస్కారాలిచ్చారు. పద్యం రాదు గనుక వచనకవిత రాస్తున్నారన్న నింద ఈ తొలితరం మీద నిలవదు. వీళ్లలో చాలామందికి పద్యం వచ్చు.

దాశరథి కృష్ణమాచార్య నిజామాబాదు జైలు గోడ మీద బొగ్గుతో పద్యం రాశారు. ఆయన 'అగ్నిధార' వృత్తాలు పోరాట కవిత్వానికి పాత ఛందస్సు పనికిరాదన్నవారికి సమాధానం. అదే దాశరథి 1961లో 'గాలిబ్ గీతాలు'తో ఉర్దూ గజల్‌ను తెలుగు పాఠకుల ఇంటికి తెచ్చారు. సి. నారాయణరెడ్డి తెలుగులోనే గజళ్లు రాశారు, పాడారు. సికింద్రాబాదు ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాలలో అధ్యాపకుడిగా మొదలై ఉస్మానియాకు చేరిన ఆయన పరిశోధనాగ్రంథం పేరు 'ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు'. ఈ రంగంలో అడుగుపెట్టేవారు తప్పక చదవవలసిన పుస్తకం అది.

సానెట్ నిలవని చోట గజల్ ఎందుకు నిలిచిందో ఆలోచించదగ్గది. గజల్‌లో పాదం చివర ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది, దాన్ని రదీఫ్ అంటారు. ప్రాస దాని ముందరి మాటలో పడుతుంది, అది కాఫియా. ప్రత్యయాలతో ముగిసే తెలుగుకు ఇది చక్కగా సరిపోయింది. చివర ప్రత్యయమో క్రియో తిరిగి వచ్చినా అది లోపం కాకుండా నియమమే అయింది, అసలు ప్రాస ఒక అడుగు లోపలికి జరిగింది. పైగా హైదరాబాదులో గజల్ పుస్తకంలోది కాదు, ముషాయిరాల్లో, ఇళ్లలో చెవిన పడేది. సానెట్ కళాశాల పాఠంగానే వచ్చి పరీక్షతో పోయింది.

చిన్న రూపాల్లో ఇస్మాయిల్, గాలి నాసరరెడ్డి, పెన్నా శివరామకృష్ణ వంటివారు హైకూను తెచ్చారు. ఎన్. గోపి 1997లో నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై ఐదు అక్షరాల నానీలు మొదలుపెట్టారు. రెండేసి పాదాలకు ఒక దృశ్యమో మాటో ఉండి, నడుమ చిన్న మలుపు ఉంటుంది. సానెట్‌లో వెతికే మలుపు ఇరవై అక్షరాల్లో ఎలా పడుతుందో చూడాలంటే మంచి నానీలు చదవాలి. వేలమంది రాశారు గనుక చప్పనివీ వేలల్లో ఉన్నాయి, ఏరుకోవాలి.

సానెట్‌ను దాని సొంత నేల మీద కూడా విరిచినవారున్నారు. హాప్కిన్స్ పద్నాలుగు పాదాలను అదే నిష్పత్తిలో పదిన్నరకు కుదించాడు. రిల్కె 1922లో ఓర్ఫియస్ మీద 55 సానెట్లు పాదం నిడివి మారుస్తూ రాశాడు. నెరూడా 1959లో వచ్చిన నూరు ప్రేమ సానెట్లలో ప్రాసను వదిలాడు. టెడ్ బెరిగన్ 1964లో పాదాలను కత్తిరించి, ఒక సానెట్‌లోని పాదాన్ని మరో సానెట్‌లో అతికించాడు. విక్రమ్ సేఠ్ 1986లో పుష్కిన్ వాడిన పద్నాలుగు పాదాల చరణంతో ఏకంగా నవలే రాశాడు. టెరెన్స్ హేస్ 2018లో అమెరికా జాతివివక్ష మీద రాసిన సానెట్లన్నిటికీ ఒకే శీర్షిక పెట్టాడు. నెరూడా ప్రాస తీసేశాడు, రిల్కె పాదం కొలత మార్చాడు, హాప్కిన్స్ పాదాల లెక్కనే తగ్గించాడు. మలుపును మాత్రం వీరిలో ఎక్కువమంది ఏదో ఒక రూపంలో ఉంచుకున్నారు.

తెలుగులో ఈ ప్రయోగాలకు దారి ఇంకా తెరిచే ఉంది. పద్నాలుగు పాదాల తేటగీతి మాలికలో తొమ్మిదో పాదం దగ్గర ఆటవెలదికి మారితే ఎలా ఉంటుంది? తేటగీతిలో సూర్య, ఇంద్ర, ఇంద్ర, సూర్య, సూర్య నడక. ఆటవెలది బేసి పాదంలో మూడు సూర్యగణాలు ముందు, రెండు ఇంద్రగణాలు తరువాత. సరి పాదంలో ఐదూ సూర్యగణాలే. గణాల కుటుంబం ఒకటే కాబట్టి చెవి ఉలిక్కిపడదు, కాని తొమ్మిదో పాదంలో నడక వేగం అందుకుంటుంది, పదో పాదంలో కురచవుతుంది. భావం తిరిగే చోటే ఛందస్సూ తిరుగుతుంది. ఎనిమిది పాదాలు తేటగీతిలో, ఆరు ఆటవెలదిలో. కందం చేతికొచ్చిన అభ్యాసకుడు తరువాత చేపట్టదగిన కసరత్తు ఇది, వస్తువుగా ఇంటి దగ్గరి బస్టాపు చాలు.